ఎవరి మందను వాళ్ళు ఎంచుకోని ఊరు

ఈ పనిలో చేరబోయే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది, "ఎండలో తిరగల్లా అక్కా?" అని. తిరగాలి. దాచి లాభం లేదు. ముదిగుబ్బ వైపు బస్సు దిగాక ఊరు ఎంత దూరమని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "ఇదో, ఈడే" అంటారు. ఆ 'ఈడే' ఒక్కోసారి గంట నడక. గొడుగు, నీళ్ళ సీసా, సంచిలో నాలుగు అరటిపళ్ళు ఉంటే ఆ గంట గడిచిపోతుంది. కష్టం అది కాదు. అసలు కష్టం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళు తిరిగి మనుషులను ప్రశ్నలు అడిగాను. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడో కూర్చొని ప్రశ్నలు తయారుచేసి పంపుతారు. మేము వాటిని పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి అడిగి, జవాబులు రాసుకొని తెస్తాం. చివరి పదకొండేళ్ళు నేను రాసేదాన్ని కాదు. రాసుకొచ్చిన వాళ్ళ కాగితాలు చూసి సరే, కాదు అని చెప్పేదాన్ని. ఇప్పుడు కాగితాల బదులు చేతిలో టాబ్లెట్లు వచ్చాయి. పని మాత్రం అదే. ఎదుటి మనిషి చెప్పింది చెప్పినట్టు తేవాలి.

నేను బడిలో చదువుకోలేదు. మా నాయనే చదివించాడు. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టాక ఒక పేజీ చదివించి, అందులో ఉన్నది మళ్ళీ చెప్పమనేవాడు. నేను ఒక్క మాట ఎక్కువ కలిపినా, "అది నీది. రాసినాయన చెప్పింది చెప్పు" అనేవాడు. పదో తరగతి పరీక్ష ఇంటి నుంచే కట్టాను. ఆ రోజుల్లో విసుగు పుట్టేది. ఈ పనిలో చేరాక, ఎవరో ముందే చూసి నన్ను దీనికి తయారు చేయించారని అనిపించింది. నాయనకూ, నాయనకు ఆ ఓపిక ఇచ్చిన స్వామికీ నేను రోజూ దండం పెట్టుకుంటాను.

తిరగేసి చూపించినాయన

నేను చేరిన కొత్తలో ధర్మవరంలో మగ్గాల ఇళ్ళకు పంపారు. ఒక ప్రశ్న ఇలా ఉండేది: మీరు చేసిన పనిలో మీకు గొప్పగా అనిపించినది ఏది? ఒక పెద్దాయన లోపలికి వెళ్ళి చీర తెచ్చాడు. నేను జరీ అంచు చూసి బాగుందన్నాను. ఆయన దాన్ని తిరగేశాడు.

"ఆ పక్క యెవురైనా బాగుండాదనే అంటారు. ఈ పక్క చూడు. యాడన్నా పోగు తేలిందా?"

తేలలేదు. నాకు అందులో విశేషం తెలియలేదు, ఆ మాటే చెప్పాను.

"నీకు తెలీదులే తల్లీ. కొనేవాళ్ళకూ తెలీదు. ఈ వీధిలో ఇంగో మగ్గమాయనకు తెలుస్తాది. సాలు."

కణేకల్ వైపు వెళ్ళినప్పుడు ఇదే ప్రశ్నకు కాలువ కింద వరి పెట్టే రైతు ఒకాయన క్షణం కూడా ఆలోచించలేదు. "రాసుకోమ్మా. ఈ కాలవ కింద నా మాదిరి మడి పెట్టేవాడు లేడు." అరుగు మీద పక్కన కూర్చున్న ఆయన, "నిజమేనమ్మా, రాసుకో. ఆ మాట దినానికి నాలుగుసార్లు చెప్తాడు, అది గూడా రాసుకో" అన్నాడు. అందరూ నవ్వారు. రైతు కూడా నవ్వాడు, కానీ తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఒకరు వీధిలో తోటి పనివాడు చూస్తే చాలనుకున్నారు. ఒకరు అరుగు మీద అందరికీ వినబడేలా చెప్పుకున్నారు. నేను రెండూ రాసుకొచ్చాను. దాని గురించి ఆలోచించవలసింది నేను కాదనుకున్నాను. అహంకారం ఉన్నవాణ్ణి భగవంతుడే వంచుతాడని చిన్నప్పటినుంచి విని పెరిగినదాన్ని. మనుషులను నీకెంత గొప్పగా ఉంది అని అడగడమే నాకు కొంచెం తప్పుగా తోచేది.

ఏడు చింతపిక్కలు

చాలా ఏళ్ళకు, నేను పర్యవేక్షణలో ఉన్నప్పుడు, దీని మీదే ఒక పెద్ద పని వచ్చింది. దాన్ని నడిపిన ఆమె మైసూరు మనిషి. మేమంతా పెద్దమేడం అనేవాళ్ళం. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది. నాకు పైన పనిచేసిన వాళ్ళందరిలోనూ ఊరికి వచ్చి చాప మీద కూర్చున్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు కుర్చీ తెప్పించుకునేవాళ్ళు. కుర్చీ వేయించుకున్నవాళ్ళకు ఊరు వేరే జవాబులు చెబుతుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట.

ఆమె మాకు పని ఇలా వివరించింది. కొన్ని గుణాలు రాసి ఉంటాయి: ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, కరువులో పశువును కాపాడుకోవడం, తగవు తీర్చగలగడం, ఇంటికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టడం, ఇలాంటివి. ఊళ్ళో సగం మందిని, ఈ గుణం నీలో ఉంటే నీకెంత గొప్పగా ఉంటుంది అని అడగాలి. మిగతా సగాన్ని, ఈ గుణం ఉన్న మనిషికి నువ్వు ఎంత విలువ ఇస్తావు అని అడగాలి. ఒకే మనిషిని రెండూ అడగకూడదు. అంకెలు అక్కరలేదు. మనిషి ముందు ఏడు చింతపిక్కలు పెడితే, ఎంత అనిపిస్తే అన్ని పళ్ళెంలో వేస్తాడు. మేము వాటిని ఎంచి రాసుకుంటాం. మొదట వేరుశనగ గింజలు పెట్టి చూశాం. జవాబు చెబుతూ చెబుతూ నోట్లో వేసుకుంటున్నారని చింతపిక్కలకు మారాం.

"ఇదే ప్రశ్న వేరే దేశాలలోనూ అడుగుతా ఉన్నారు. గుర్రాలు మేపేవాళ్ళని, సముద్రంలో చేపలు పట్టేవాళ్ళని" అంది పెద్దమేడం. "మనిషికి లోపల ఎంత గొప్ప అనిపిస్తుందో, చుట్టూ ఉన్నవాళ్ళు దానికి ఎంత విలువ కడతారో, రెండూ దగ్గర దగ్గరగా వస్తాయా అని చూడాలి. అంటే గర్వం అనేది ఊరి మనసుని ముందే చదువుకునే గుణమా అని."

నాకు ఆ మాట నచ్చింది. గర్వాన్ని పాపమనే తప్ప ఇంకో రకంగా చూడవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

నేను చేసిన తప్పు

నా కింద పదిమంది అమ్మాయిలు. వాళ్ళలో ఓబులమ్మ కూలి ఇంటినుంచి వచ్చింది. కదిరి పక్క ఊరి కోడలు. ఆ ఊళ్ళో వాళ్ళ వీధినుంచి సంచి తగిలించుకొని, మెడలో గుర్తింపు కార్డు వేసుకొని పనికి వెళ్ళిన మొదటి ఆడమనిషి. తక్కువ మాట్లాడేది. అక్షరాలు పెద్దవిగా, బడిపిల్లలా రాసేది.

ఆమెను ముదిగుబ్బ అవతల గుట్టల కింద ఒక గొర్రెల ఊరికి పంపాను. ఏడు రోజులు తిరిగి, మొదటి సగం కాగితాలు తెచ్చింది. నీకెంత గొప్పగా ఉంటుంది అన్న సగం. ప్రతి కాగితంలోనూ, ప్రతి గుణానికీ, సున్నా. ఒక్కరైనా ఒక్క పిక్క వేసినట్టు లేదు.

దొంగ కాగితాన్ని చూడగానే పట్టేస్తానని నాకు పేరు. చెట్టు కింద కూర్చొని రాసిన కాగితానికి మడత ఉండదు, చెమట మరక ఉండదు, జవాబులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఓబులమ్మ కట్ట అచ్చం అలాగే ఉంది. అంతకుముందు ఇద్దరిని అలా పట్టుకున్నాను. ఆ ఇద్దరి సంగతీ నిజమే. దాంతో నా కంటికి తిరుగులేదని అందరూ అనేవాళ్ళు, నేనూ వింటూ ఉండేదాన్ని.

నెలాఖరు సమావేశంలో అందరి ముందూ ఆ కట్ట బల్ల మీద పెట్టాను. "ఇవి ఊరికి వెళ్ళి రాసినవి కావు" అన్నాను.

ఓబులమ్మ లేచి నిలబడింది. "పోయినానక్కా. ఏడు దినాలూ పోయినా."

"పోతే ఒక్కరికీ ఒక్క గుణమూ గొప్పగా అనిపించలేదా?"

"నాకు తెలీదక్కా. వాళ్ళు పెట్టింది రాసినా. పెట్టకపోతే సున్నా రాసినా."

"ఊరంతా ఒకే జవాబు చెబుతుందా ఎక్కడైనా?"

దానికి ఆమె ఏమీ అనలేదు. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాను. మెడలోంచి తీస్తుంటే దాని తాడు జడలో చిక్కుకుంది. పక్క అమ్మాయి విడదీసింది. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను.

కాగితం మీద ఉన్నది తీసెయ్యడం సులభం, మనిషి పేరు తీసెయ్యడం ఇంకా సులభం. ఆ రోజు నేను రెండూ అయిదు నిమిషాల్లో చేశాను. ముందు ఊరికి వెళ్ళి చూడవలసింది. వెళ్ళలేదు.

దొడ్డి దగ్గర

ఆ ఊరు మళ్ళీ చెయ్యమని పెద్దమేడం నన్నే పంపింది. గంగన్న అనే గొర్రెలాయన ఇంట్లో దిగాను. డెబ్బై దాటినవాడు. ఆయన భార్య నాకు రాగి సంకటి, పచ్చిపులుసు పెట్టింది. నేను నేల మీద కూర్చొని తిన్నాను.

మర్నాడు గంగన్నను అడిగాను. కరువులో మందను కాపాడుకోగలిగితే నీకెంత గొప్పగా ఉంటుంది? పిక్కలు ముందు పెట్టాను. ఆయన వాటివైపు చూసి, పళ్ళెం నా వైపు నెట్టాడు.

"ఏముంది తల్లీ అందులో."

పక్కింట్లోనూ అంతే. ఆ పై ఇంట్లోనూ. సాయంత్రానికి నా కాగితాలు ఓబులమ్మ కాగితాల మాదిరే ఉన్నాయి. మడత లేదు, మరక లేదు, అంతా సున్నా. వాటిని ఇంకోసారి తిరగేసి చూసి సంచిలో పెట్టుకున్నాను.

రెండో రోజు తెల్లవారుతూనే గొర్రెలను దొడ్డినుంచి వదిలే చోటికి వెళ్ళాను. గంగన్న తడిక తీశాడు. తీసి, పక్కకు తిరిగి నిలబడ్డాడు. దారి పక్కన నిలబడి గొర్రెలను ఎంచుతున్నది పక్క దొడ్డి సుంకన్న. అన్నీ బయటికి వచ్చాక, "సరిపోయినాయి మామా" అన్నాడు. తర్వాత సుంకన్న దొడ్డి తీస్తే గంగన్న ఎంచాడు.

"నీ గొర్రెలు నువ్వు ఎంచుకోవా?" అని అడిగాను.

"యెవురి మంద వాళ్ళు ఎంచుకోకూడదు తల్లీ ఈ ఊర్లో. ఎంచుకుంటే దిష్టి. మా అబ్బ కాలం నుంచి అంతే. నాయి వాడు ఎంచల్ల, వాడియి నేను ఎంచల్ల."

"మరి నీ గురించి ఎవరైనా అడిగితే?"

"నా గురించి నన్ను అడిగితే నేనేం చెప్పల్ల? వాణ్ణి అడుగు."

మొన్న వచ్చిన అమ్మాయికి ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆ బిడ్డ అడగలేదు కదా. కాయితంలో ఉండేది అడిగింది, రాసుకుంది. మంచి బిడ్డ. మజ్జిగ ఇస్తే గ్లాసు కడిగి పెట్టి పోయింది. ఏడు దినాలూ వచ్చింది ఎండలో."

పిక్కలు సుంకన్న ముందు పెట్టాను. గంగన్న అక్కడే ఉన్నాడు. కరువులో మందను కాపాడుకున్న మనిషికి నువ్వెంత విలువ ఇస్తావు అన్నాను. అతను ఏడూ ఎత్తి పళ్ళెంలో పోశాడు.

"ఏడేనా నీ దగ్గర ఉండేది?"

"ఏడే అప్పా."

"అయితే సాలదు. ఈయప్ప వానలు లేని యేడు మందను తోలుకొని ఆ పొద్దు యాడికో కన్నడ సీమకు పోయి, ఒక్క పిల్ల గూడా పోకుండా తెచ్చినాడు. మాయి సగం పోయినాయి. ఇంగ రెండు పిక్కలు ఇయ్యి."

గంగన్న కంబళి అంచున ఏదో ముల్లు ఉన్నట్టు ఏరుతున్నాడు. అక్కడ ముల్లేమీ లేదు. ఆయన ఎంతసేపు ఏరాడో సుంకన్న అంతసేపు చెప్పాడు. అయిపోయాక నేను మళ్ళీ పళ్ళెం గంగన్న ముందు పెట్టాను. ఇప్పుడెంత గొప్పగా ఉంది? ఆయన మళ్ళీ నెట్టేశాడు. కానీ ఆ పూట ఆయన భార్యతో చెప్పి నా కంచంలోకి ఒక ముద్ద సంకటి ఎక్కువ వేయించాడు.

మిగతా ఇళ్ళు కూడా ముగించి, రెండు సగాల కాగితాలూ తీసుకొని పెద్దమేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె కాగితాలు చాలాసేపు చూసింది. "ఈ సున్నాలు తప్పు కాదు. తీసెయ్యవద్దు. ఇక్కడ ఊరి జవాబులో విలువ నిండుగా ఉంది, సొంత నోటిలో లేదు. మనం అడిగిన తీరు వీళ్ళకు సరిపోలేదని రాద్దాం" అంది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, "ఆ హుడుగి ఎక్కడ ఇప్పుడు?" అని అడిగింది. హుడుగి అంటే పిల్ల, ఓబులమ్మ. ఇంట్లో ఉందన్నాను. "నువ్వే పిలుచుకొని రావాలి" అంది.

నాలుగు గోడల మధ్య

ఓబులమ్మ ఇంటికి వెళ్ళాను. వాళ్ళత్త లింగమ్మ గుమ్మంలో ఉండి, నన్ను చూసి పక్కకు జరిగింది గానీ రమ్మనలేదు. లోపల ఓబులమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలుపు దగ్గరగా వేసి, నాది తప్పయిందని చెప్పాను. కార్డు తెచ్చాను, తీసుకో అన్నాను. ఆఫీసులో అందరికీ చెబుతాను అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నువ్వు ఆఫీసులో అన్న మాట ఆఫీసులోనే ఉండిపోలేదక్కా. బస్సెక్కి మా ఊరికొచ్చింది. నాకంటే ముందొచ్చింది. నేను ఇంటికి చేరేలోపల మా వీధికంతా తెలుసు, ఓబులమ్మ దొంగ రాతలు రాసిందంట అని."

"ఎవరన్నారు?"

"యెవురైతే ఏం. నన్ను నలుగుర్లో అన్నావు. ఇప్పుడు తలుపేసి చెప్తాండావు."

గుమ్మంలోంచి లింగమ్మ అంది: "కార్డు మెడలో ఏసుకొని పోతాంటే ఈదిలో ఆడోళ్ళు నిలబడి చూస్తాండ్రి. నా కోడలంటే నాకు గూడా కొంచెం ఇదిగా ఉండేది. ఇప్పుడు పాలు పొయ్యను పోతే, మీ కోడలు పనికి పోలేదా అని అడుగుతారు. తెలిసే అడుగుతారు."

నాకు ఆ ఊళ్ళో మంచి పేరు ఉంది. అక్కడి ఆడవాళ్ళకు ఎన్నోసార్లు అర్జీలు రాసిపెట్టాను. వాళ్ళ ముందు నిలబడి నేను తప్పు చేశానని చెప్పాలంటే మనసు ఒప్పుకోలేదు. అడ్డుపడుతున్నది ఏమిటో నాకు తెలుసు. పెద్దమేడం ప్రశ్న, నీకెంత గొప్పగా ఉంది అన్నది, అప్పుడు నన్ను అడిగి ఉంటే ఏడు పిక్కలూ వేసేదాన్ని. మనసులో స్వామిని తలచుకున్నాను. ధైర్యం ఇమ్మని కాదు. ఈ అవకాశం ఇంకా మిగిల్చినందుకు. చాలామందికి తప్పు తెలిసేసరికి చెప్పుకోవడానికి ఎదుటి మనిషి ఉండదు. నాకు ఉంది, ఎదురుగా, చేట పక్కన కూర్చొని.

"పాల కేంద్రం ఎన్ని గంటలకు తెరుస్తారు?" అని అడిగాను.

లింగమ్మ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "అయిదుకు."

సాయంత్రం అయిదుకు వెళ్ళాం. పాల కేంద్రం ముందు ఆడవాళ్ళు, నలుగురైదుగురు మగవాళ్ళు క్యాన్లు పట్టుకొని వరుసలో ఉన్నారు. ఓబులమ్మ వరుస చివర నిలబడింది. నేను ముందుకు వెళ్ళి, మాట వినమన్నాను. కొలిచే ఆయన కొలవడం ఆపాడు.

ఓబులమ్మ దొంగ రాతలు రాయలేదని చెప్పాను. ఏడు రోజులు ఎండలో గొర్రెల ఊరికి నడిచి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చిందని చెప్పాను. నేను ఆ ఊరికి వెళ్ళి అవే ప్రశ్నలు అడిగితే నాకూ అవే జవాబులు వచ్చాయని, ఆమె కాగితాల్లో ఒక్క గీత కూడా తప్పు లేదని చెప్పాను. ఊరికి వెళ్ళి చూడకుండా, కూర్చున్నచోటనే ఆమెను దొంగ అన్నది నేనని, ఆ తప్పు నాదేనని చెప్పాను.

క్యాను మూత ఒకటి చప్పుడయింది. ముందు వరుసలో ఉన్న ఒకామె, "అట్లనా ఓబులమ్మా, మాకు యెవురో ఇంగోరకంగా చెప్పిరి" అంది. ఓబులమ్మ తన క్యాను వైపే చూస్తోంది.

నేను వెనక్కి తిరగబోతుంటే లింగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంగోసారి చెప్పు తల్లీ. మా చిన్నాయన కొడుకు ఇప్పుడే వచ్చినాడు, ఇనలేదు."

రెండోసారి చెప్పాను. ఆ మాటకు ఆ చిన్నాయన కొడుకు తల ఊపాడు. లింగమ్మ వీధి మలుపు వైపు చూస్తోంది. అక్కడినుంచి ఇద్దరు ఆడవాళ్ళు క్యాన్లతో వస్తున్నారు.

"అదో, వాళ్ళు గూడా రానీ" అంది.

"సాల్లే అత్తా" అంది ఓబులమ్మ చివరినుంచి. "అందరియీ పాలు ఇరిగిపోతాయి."

"ఇరిగితే ఇరగనీ. నువ్వు చెప్పు తల్లీ."

ఆ ఇద్దరూ వచ్చి వరుసలో నిలబడేదాకా ఆగాను. తర్వాత మళ్ళీ మొదటినుంచి చెప్పాను.